శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం

శ్యామలాంబకి మూడు రోజులుగా కొత్త పని ఒకటి తగులుకుంది. తోడికోడలు రమాదేవి ముఖం చూడకుండా తిరగడం. ఉన్నది ఒకటే వంటగది, ఒకటే నుయ్యి, ఒకటే దండెం. అలాంటి ఇంట్లో ఒక మనిషి ముఖం చూడకుండా పొద్దు గడపాలంటే ఎంత తెలివి కావాలో పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

నిడదవోలు బజారులో మల్లేశ్వరరావుగారి పచారీ కొట్టు, దాని వెనకే ఇల్లు. కొట్లోకి కావలసిన జీలకర్ర, ఆవాలు, మెంతులు పొట్లాలు కట్టేది పెద్దకోడలు శ్యామలాంబే. నడవలో చాపేసుకుని కూర్చుని, కోసిపెట్టిన పేపరు ముక్కని అరచేతిలో గరాటులా చుట్టి, సోలతో జీలకర్ర పోసి, పైఅంచు మూడు మడతలు పెట్టి, దూలానికి వేలాడుతున్న పురికొస ఉండలోంచి దారం లాగి, రెండు చుట్లు చుట్టి పుటుక్కున తెంపేది. మామూలప్పుడు ఆ చప్పుడు ఎవరికీ వినబడేది కాదు. ఈ మూడు రోజులూ వసారాలోకి కూడా వినిపిస్తోంది.

"ఏంటమ్మాయ్, దారం మీద పగబట్టావా ఏంటి?" అంది అత్తగారు అన్నపూర్ణమ్మ, బియ్యం ఏరుకుంటూ.

"ఈ ఉండ మరీ గట్టిదండి అత్తయ్యగారూ" అంది శ్యామలాంబ, తలెత్తకుండా.

గట్టిది దారం కాదు. కుళ్ళు. దానికి ఇంకో పేరు పెట్టుకుని ప్రయోజనం లేదు. రమాదేవి మస్కట్ వెళ్తోంది, తను వెళ్ళడం లేదు. ఆ ఇంటినుంచి మస్కట్‌కి మొదట వెళ్ళింది శ్యామలాంబ మొగుడు జోగేశ్వరరావు. వెళ్ళి ఆరేళ్ళయింది. మూడేళ్ళకింద తమ్ముడు ప్రసాదుని కూడా తన కంపెనీలోకే లాక్కుపోయాడు. అన్న స్టోర్సులో సామాన్లు ఎత్తి దించే పని, డిగ్రీ చదివిన తమ్ముడు ఆఫీసులో లెక్కలు రాసే పని. ఇప్పుడు తీరా చూస్తే, ఇంత జీతం దాటినవాడే పెళ్ళాన్ని రప్పించుకోవాలని అక్కడివాళ్ళు గీత ఒకటి గీశారట. తమ్ముడు గీత దాటాడు. అన్న గీతకి ఇవతలే ఉండిపోయాడు. రమాదేవి కాపురానికి వచ్చి మూడేళ్ళు. శ్యామలాంబ వచ్చి పదకొండు. గీతలకి ఈ లెక్కలు పట్టవు.

అదొక్కటే అయితే ఏదోలా మింగి ఊరుకునేదేమో. కాపురానికి తగ్గ ఇల్లు ఉన్నట్టు కూడా చూపించాలట. అక్కడ ఇంటద్దె ఒక్కడివల్ల అయ్యేది కాదు కాబట్టి అన్నదమ్ములిద్దరూ కలిసి ఒకే ఇల్లు తీసుకున్నారు. అంటే ఇకమీదట జోగేశ్వరరావుకి పొద్దున్నే కాఫీ ఇచ్చేదీ, కంచం పెట్టేదీ, ఇంకొంచెం వెయ్యనా అని అడిగేదీ రమాదేవి. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా శ్యామలాంబ చేతిలో దారం పుటుక్కున తెగేది.

సరిగ్గా అప్పుడే రమాదేవి వచ్చి చాప అంచున కూర్చుంది. ఒక పేపరు ముక్క తీసుకుని గరాటు చుట్టబోయింది. అది చేతిలోనే విచ్చుకుపోయింది.

"అక్కా, బావగారికి పులుసంటే ఇష్టమటగా. బెల్లం ఎంత వేస్తావు?"

శ్యామలాంబ చేతిలో సోల ఆగింది. నా మొగుడికి ఎంత తీపి కావాలో నాచేతే చెప్పించుకుని పోతుందిట ఈవిడ, అనుకుంది.

"ఎంత వేస్తే అంత తింటారు. చేతికొచ్చినంత వెయ్యి" అంది.

రమాదేవి కాసేపు తన చేతిలోని పేపరు ముక్కని మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, లేచి వెళ్ళిపోయింది. చూశావా, బెల్లం మాట చెప్పేసరికి పని అయిపోయిందని ఎలా లేచిపోయిందో, అనుకుని శ్యామలాంబ దారం మరింత గట్టిగా తెంపింది.

సోమవారంనాడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళారు. పెళ్ళి అయినట్టు గవర్నమెంటు సర్టిఫికెట్టు కావాలట. మూడు వందలమంది విస్తళ్ళలో తిని వెళ్ళిన పెళ్ళికి ఇప్పుడు కొత్తగా సాక్ష్యం ఏంటని అన్నపూర్ణమ్మ ఆశ్చర్యపోయింది. ప్రసాదు తను రాలేనని ఎంబసీ ముద్ర వేయించి ఒక కాగితం పంపాడు. పెళ్ళి చూసినవాళ్ళు ఇద్దరు సంతకం చెయ్యాలి. ఒకరు మల్లేశ్వరరావుగారు. అన్నపూర్ణమ్మకి వేలిముద్రే గతి. కాబట్టి రెండో సాక్షి శ్యామలాంబ. తను వెళ్ళలేని ఊరికి తోడికోడలిని పంపే కాగితం మీద తనే సంతకం చెయ్యాలి. ఎవరైనా పనిగట్టుకుని ఏడిపించాలనుకున్నా ఇంత చక్కగా కుదిరేది కాదు.

గుమాస్తా లోవరాజు పెళ్ళి శుభలేఖ ముందు పెట్టుకుని కార్బన్ కాగితాలు సర్దుకున్నాడు. శుభలేఖలో పసుపు మరకల మధ్య, అందరి శుభలేఖల్లో ఉన్నట్టే, ఏప్రిల్ ముప్పై శుక్రవారం రాత్రి రెండుంపావుకి, తెల్లవారితే శనివారం, అని ఉంది. లోవరాజు చదువుకుని, పెన్ను విదిలించి, ముప్పై ఏప్రిల్ ఎనభై రెండు అని రాశాడు. రాసినదాంట్లో తప్పేమీ లేదు. ఈ దేశంలో తెల్లవారితేగానీ రోజు మారదు.

కానీ బల్లమీద ఇంకో కాగితం ఉంది. మస్కట్‌లో ప్రసాదు నింపిన దరఖాస్తు నకలు. శ్యామలాంబ ఎనిమిదో తరగతిదాకా చదువుకుంది. ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కోవాలిగానీ అంకెలకి ఆ బాధ లేదు. అక్కడ, పెళ్ళి తేదీ అన్నచోట, ఒకటి, అయిదు, ఎనభై రెండు అని ఉంది. వాచీ చూసుకుని తాళి కట్టిన పెళ్ళికొడుకు కాబోలు, అర్ధరాత్రి దాటగానే తేదీ మార్చేసుకున్నాడు. ఒకే పెళ్ళి, ఒక కాగితంలో ఏప్రిల్, ఒక కాగితంలో మే.

శ్యామలాంబ రెండు కాగితాలూ మళ్ళీ ఒకసారి చూసింది. మామగారివైపు చూసింది. ఆయన కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చి, ఎదుటి గోడమీది బల్లిని చూస్తున్నారు. రమాదేవి తల వంచుకుని చీరంచు నలుపుకుంటోంది. ఒక్క మాట చాలు. ఏమండీ, ఈ తేదీ ఒకసారి చూడండి, అంటే చాలు.

"ఇక్కడమ్మా" అని లోవరాజు వేలు పెట్టి చూపించాడు.

శ్యామలాంబ సంతకం చేసింది. అక్షరాలు ఎప్పటికన్నా గుండ్రంగా వచ్చాయి.

బుధవారం పొద్దున మల్లేశ్వరరావుగారు కాగితాలన్నీ సంచిలో పెట్టుకుని పాసింజరు బండిలో రాజమండ్రి వెళ్ళారు, ఏజెంటుకి ఇవ్వడానికి. సాయంత్రం తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అరుగుమీద కూలబడ్డారు.

"తేదీలు కలవలేదట. ఇవి ఇలాగే పంపితే దొంగ పెళ్ళి అంటారట అక్కడ. ప్రసాదుని దరఖాస్తు మార్చుకోమని రాస్తే, వాడికి ఉత్తరం చేరి, జవాబు వచ్చి, ఎప్పటికయ్యేను? కంపెనీవాడిచ్చిన జీతం కాగితం ఈ నెలాఖరుదాకానే చెల్లుతుందట. మళ్ళీ ఇవ్వమంటే పై ఏడాదేనట."

"మరి మన ఆఫీసులోనే మార్పించకూడదూ?" అంది అన్నపూర్ణమ్మ.

"శుభలేఖలో ఉన్నది రాశాడే వాడు. ఇప్పుడెళ్ళి మార్చమంటే మనకే చీవాట్లు. పోనీలే, ఏడాది ఆగితే కొంప మునగదు. అమ్మాయ్ శ్యామలా, కాస్త మంచినీళ్ళివ్వమ్మా."

శ్యామలాంబ కుండలోంచి నీళ్ళు ముంచింది. ముంచుతుంటే చెయ్యి తేలిగ్గా ఆడింది. ఆ రాత్రి అందరికీ తనే వడ్డించింది. రమాదేవి కంచంలో అడక్కుండానే పెరుగు ఇంకో గరిటె వేసింది. ఇన్నాళ్ళుగా చూడని ముఖాన్ని అప్పుడు తీరిగ్గా చూసింది కూడా. అన్నపూర్ణమ్మ అది గమనించి, పెద్దకోడలికి ఎంత జాలి, అనుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ డాబామీద ఒడియాలు ఒలుస్తున్నారు. మస్కట్ పంపడానికని పెట్టిన మినపొడియాలు. తడిపిన గుడ్డని వెనకనుంచి వేళ్ళతో నొక్కితే ఒక్కొక్కటీ ఊడి చేటలో పడుతున్నాయి. ఎండ మాడు మీద కాస్తోంది. కొట్లోంచి బెల్లం వాసన పైదాకా వస్తోంది.

"ఏడాదంటే ఎంతలో తిరిగొస్తుంది చెప్పు. నేను ఆరేళ్ళు చూడలేదూ?" అంది శ్యామలాంబ. గొంతులో తేనె కాస్త ఎక్కువే కలిసింది.

"నేనేం బాధపడట్లేదక్కా" అంది రమాదేవి.

ఆ మాటలో బింకం లేదు. బరువు దించుకున్న మనిషి అన్నట్టే ఉంది. శ్యామలాంబకి అది నచ్చలేదు. బాధపడనిదాన్ని ఓదార్చడంలో రుచి ఏముంటుంది?

"ఎందుకు పడవే? పెట్టె కొనుక్కున్నావు, ఫోటో దిగావు, వీధిలో అందరికీ చెప్పుకున్నావు..."

"చెప్పుకున్నది అత్తయ్యగారు. నేనుకాదు." రమాదేవి ఒక ఒడియాన్ని ఊడదీసి, విరిగిపోతే ఆ ముక్కల్ని అరచేతిలోనే ఉంచుకుంది. "ఆ తేదీ నేనూ చూశానక్కా, ఆ రోజు. నువ్వు చూడడం కూడా చూశాను."

శ్యామలాంబ వేళ్ళు గుడ్డమీద ఆగిపోయాయి. ఏం చూశాను, నేనేం చూడలేదు, అనడానికి నోరు తెరిచింది.

"నువ్వు చెప్తావేమోనని భయపడ్డాను" అంది రమాదేవి. "చెప్పలేదు. బతికాననుకున్నాను."

"నీకు వెళ్ళాలని లేదూ?"

"ఎవరికోసం వెళ్ళాలి? మూడేళ్ళలో మీ మరిది నన్ను రమ్మని ఒక్క ముక్క రాయలేదు. ఇక్కడ అన్నీ ఖరీదు, ఇప్పుడే ఎందుకు, అంటూ వచ్చారు. మొన్న మాఘమాసంలో రాశారు, రమ్మని. చదువుకుని మురిసిపోయాను కూడా. తీరా కింద చూస్తే..." ఆగింది. "అది నీకు చెప్పకూడదని ఒట్టేయించుకున్నారు."

"నాకు చెప్పకూడనిది ఏముంది మీ ఇద్దరి మధ్య?"

"మా ఇద్దరి మధ్యదైతే చెప్పేదాన్నేమో."

రమాదేవి చేతిలోని ముక్కల్ని చేటలో పోసి, చెయ్యి చీరకి తుడుచుకుంది.

"బావగారికి షుగరు జబ్బుటక్కా. కిందటేడే బయటపడిందిట. కాలికి సామాను పెట్టె తగిలి పుండుపడి, నెలల తరబడి మానలేదుట. ఎత్తి దించే పని మానిపించి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారుట. దాంతో ఓవర్‌టైము పోయింది. అది పోకముందు జీతం సరిపోయేదిట. నిన్ను రప్పించుకోవడానికి దరఖాస్తు కాగితాలు కూడా తెచ్చుకున్నారుట. నువ్వు బెంగపెట్టుకుంటావని ఎవరికీ రాయొద్దన్నారుట. హోటలు తిండితో జబ్బు ముదురుతోంది, పథ్యం వండి పెట్టే మనిషి ఇంట్లో ఉంటేగానీ లాభం లేదు, నువ్వు రా, అని నాకు రాశారు ఈయన."

కింద వీధిలో గడ్డిబండి పోతోంది. తడి గుడ్డ ఎండకి అంచులనుంచి బిగుసుకుపోతోంది. వెంటనే నొక్కకపోతే ఒడియాలు ఊడవు.

శ్యామలాంబకి మొదట వచ్చింది దుఃఖం కాదు. మొగుడి కాలు ఎలా ఉందోనన్న భయమూ కాదు. నా మొగుడి జబ్బు నాకన్నా ముందు దీనికి తెలిసింది. అదీ మొదట వచ్చింది. ఆయన ఈ ఏడాది కాదు, పై ఏడాది, అని రాసిన ప్రతిసారీ చేతకానివాడని తిట్టుకుంది, మనసు లేదని ఏడ్చింది. అలా ఏడుస్తున్నప్పుడు పక్క గదిలో ఈ పిల్లకి సంగతి తెలుసు. ఆ తర్వాత, చాలా నెమ్మదిగా, మొన్న చేతికొచ్చినంత వెయ్యమన్న బెల్లం గుర్తొచ్చింది. అప్పుడు ఒళ్ళు చల్లబడింది.

"నీకు నామీద కుళ్ళని తెలుసక్కా" అంది రమాదేవి. "నాకు నీమీద. నా మొగుడు మూడేళ్ళకి నన్ను పిలిస్తే నీ మొగుడి కోసం పిలిచాడు. ఆయన కోసం రమ్మంటే నడిచైనా పోయేదాన్ని."

శ్యామలాంబ వంగి గుడ్డ అంచు పట్టుకుని, బిగుసుకుపోయినచోట నీళ్ళు చిలకరించి, ఒక్కొక్క ఒడియమే ఊడదీసింది. ఏదీ విరగకుండా అన్నీ ఊడదీశాక చేట ఎత్తుకుని మెట్లు దిగింది. జబ్బు వచ్చినవాడి పెళ్ళానికి దారి లేదు. జీతం ఉన్నవాడి పెళ్ళానికే ఉంది. ఆ దారి కూడా తనే సంతకం చేసి మూసి వచ్చింది.

మామగారు కొట్లో కాటా తుడుచుకుంటున్నారు. శ్యామలాంబ గడప ఇవతలే నిలబడింది. కొట్లోకి ఆడవాళ్ళు అడుగుపెట్టే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"మావయ్యగారూ, రేపు ఆఫీసుకి మళ్ళీ వెళ్దామండి. తేదీ మార్పిద్దాం."

"మార్చరమ్మా. చెప్పానుగా."

"నేను మాట్లాడతానండి."

మల్లేశ్వరరావుగారు కాటా వదిలేసి పెద్దకోడలి ముఖంలోకి చూశారు. పదకొండేళ్ళలో ఆవిడ ఆయనతో ఇంత పొడుగు మాట ఆడింది లేదు. చేట బయట పెట్టమనో, పసుపుకొమ్ములు అయిపోయాయనో తప్ప.

"నీకెందుకమ్మా ఈ తాపత్రయం?"

నిజం శ్యామలాంబ నోటిదాకా వచ్చిందిగానీ ఆపుకుంది. ఈ సంగతి చెబితే అన్నపూర్ణమ్మ మంచం ఎక్కుతుంది. మొగుడు దాచిన మాట తనూ దాచాల్సి వచ్చింది.

"పెట్టిన ఒడియాలు పాడైపోతాయండి" అంది.

వెనకనుంచి విన్న అన్నపూర్ణమ్మ కళ్ళొత్తుకుంది. తోడికోడలి కోసం ఇంతగా కొట్టుకునే మనిషిని ఈ కాలంలో ఎక్కడ చూస్తామని ఇరుగమ్మతో అంది. ఆ పొగడ్త శ్యామలాంబ చెవిన పడింది. ఏ తిట్టూ అంత ఘాటుగా తగిలి ఉండేది కాదు.

మర్నాడు పొద్దున్నే ముగ్గురూ బయల్దేరారు. కూతురు పాపాయిని బడికి పంపేసి, నాలుగు రోజులకి సరిపడా పొట్లాలు కట్టేసి మరీ వచ్చింది శ్యామలాంబ. దారిలో రమాదేవి పక్కన నడుస్తుంటే కుళ్ళు పోయిందా అని తనని తనే తడిమి చూసుకుంది. పోలేదు. ఆ సన్నటి చేతులు, ఆ గాజులు, అవే ఆయన కంచం దగ్గర కదులుతాయి. అనుకుంటే ఇప్పటికీ మండుతోంది. కాకపోతే ఇప్పుడు భయం దానికన్నా పెద్దదై కూర్చుంది.

లోవరాజు కాగితం చూసి పెదవి విరిచాడు.

"శుభలేఖలో ఉన్నదే రాశామమ్మా. శుక్రవారం రాత్రి అనేగా ఉంది?"

"రాత్రి ఎన్నింటికని ఉందండి?" అంది శ్యామలాంబ.

"రెండుంపావు."

"గడియారం పన్నెండు కొట్టాక మీ ఆఫీసు లెక్కలో ఏ రోజండి?"

లోవరాజు ఆలోచించాడు. లోపల కూర్చున్న సబ్‌రిజిస్ట్రారుగారు ఈ మాటలు విని తెర తొలగించుకుని బయటికి వచ్చారు. శుభలేఖ అందుకుని రెండుసార్లు చదివారు.

"ఆవిడన్నది నిజమేనయ్యా. గవర్నమెంటుకి అర్ధరాత్రే తెల్లారిపోతుంది" అన్నారు. తర్వాత ఎందుకో గడ్డం గోక్కున్నారు. "ఆ లెక్కన నా పెళ్ళి కూడా..." అని ఆగిపోయి, ఆ సంగతి ఇంటికెళ్ళి తేల్చుకోవాలనుకున్నట్టున్నారు, మళ్ళీ కాగితంలోకి వచ్చారు. "కానీ అమ్మా, ముహూర్తం వేరు, తాళి కట్టిన వేళ వేరు. ముహూర్తానికి ముందే కట్టేశారనుకోండి, నాకేం తెలుస్తుంది? చూసినవాళ్ళు చెప్పాలి. దిద్దినచోట సాక్షులు మళ్ళీ సంతకం చెయ్యాలి, ప్రమాణంగా."

"నేను చూశానండి" అంది శ్యామలాంబ. "దీపం కుందె పట్టుకుని పక్కనే నిలబడ్డాను. రెండోసారి నూనె పోశాక కట్టారు. అప్పటికి పన్నెండు దాటి చాలాసేపైంది. సగంమంది నిద్రపోయారు కూడా."

"సరే" అని సబ్‌రిజిస్ట్రారుగారు లోపలికి వెళ్ళిపోయారు. లోవరాజు రూళ్ళకర్ర పెట్టి పాత తేదీని ఎర్రసిరాతో కొట్టేసి, పైన కొత్త తేదీ రాసి, పక్కన తన పొట్టి సంతకం గిలికాడు. మల్లేశ్వరరావుగారు ఈసారి కళ్ళజోడు తెచ్చుకున్నారు. ముక్కుమీద సర్దుకుని చదివి, సంతకం చేసి, ముద్ర వేయించుకునే రుసుము కట్టడానికి అవతలి బల్ల దగ్గరికి నడిచారు.

శ్యామలాంబ పెన్ను అందుకుంది. లోవరాజుకి ఇంకా మనసులో ఏదో తేలలేదు. ఒడ్డున కూర్చున్న మనిషి ఇంత వాదించడం ఆయనెప్పుడూ చూడలేదు.

"మొన్న నోరు మెదపనివారు ఇవాళ ప్లీడరులా మాట్లాడారమ్మా. వెళ్ళేది ఆవిడగారు. మీకెందుకండీ ఇంత పట్టుదల?"

శ్యామలాంబ కాగితం మీద కొత్త తేదీని ఒకసారి చదువుకుంది.

"మా ఆయన కోసమండి" అంది.

"అంటే, ఈవిడగారి ఆయన కోసం" అని లోవరాజు నవ్వుతూ దిద్దాడు. "కాగితం ఆయనదిగా."

"కాదండి. మా ఆయన కోసమే."

పక్కన రమాదేవి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లోవరాజు ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసి, అర్థంకాక, తేదీ పక్కన ఖాళీని వేలితో చూపించాడు. శ్యామలాంబ వంగి అక్కడ సంతకం చేసింది.